ఇంటికో మనిషి

మా అత్త పేరు మీద సర్కారు ఇల్లు వచ్చిన ఏడాదే నాకు మొదటి కాన్పు అయింది. బల్మూరు దగ్గరి మా తల్లిగారింట్లో పురుడు పోసుకుని, ఆడబిడ్డను ఎత్తుకుని అమరచింతకు తిరిగి వచ్చేసరికి అత్త పాత గుడిసె విప్పేసి కొత్త కాలనీలోకి మారిపోయింది. ఊరి బయట మొరం గడ్డ మీద వరసగా కట్టిన ఇళ్లు అవి. ఒక గది, చిన్న వంటిల్లు, ముందు అరుగు, రేకు తలుపు. సున్నం వాసన ఇంకా పోలేదు. అత్త నన్ను గుమ్మం ముందే ఆపి, దిష్టి తీసి, కుడికాలు లోపల పెట్టమంది. తర్వాత గోడను అరచేత్తో ఒకసారి తట్టి, "ఇగ ఎవడన్న లెవ్వమంటె లేసి పోయే పని లేదు," అంది.

ఆమె అప్పటిదాకా బతికిందంతా వేరేవాళ్ల పొలం గట్ల మీదే. రైతు మారితే గుడిసె మారేది. వయసులో ఉన్నప్పుడు మట్టి పనికి మేస్త్రీల వెంట కన్నడ దేశం, మరాఠా దేశం తిరిగి కాలువలు తవ్వింది. మా ఆయనను కన్నది కూడా అలాంటి ఒక కాలువ కట్ట మీదేనట. అందుకే ఆ ఒక్క గది ఆమెకు ఎంత ఘనమో నాకు అర్థమయ్యేది. ఉదయం ఊడ్చిన వాకిలిని మధ్యాహ్నం మళ్లీ ఊడ్చేది.

అయితే ఆ ఇల్లు ఊరికే రాలేదు. ఇళ్లు ఇచ్చిన రోజు షామియానా కింద నిలబడి ఇళ్ల ఆఫీసరు ఒక షరతు చెప్పాడట. ఇల్లు సర్కారు కట్టించింది, కాలనీ రోడ్డు, మురుగునీళ్ల మోరీ, నీళ్ల పైపు కాలువ మాత్రం మీరే చేసుకోవాలి; వారానికి ఒకరోజు, ఇంటికో మనిషి శ్రమదానానికి రావాలి; మనిషి రాని ఇంటికి ఆ ఇల్లు అక్కర లేదని అనుకుంటాం, తాళం వేసి వేరేవాళ్లకు ఇస్తాం అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. మా ఎదురింటి ఆమె, నా ఈడుదే, ఈ సంగతి నాకు చెప్తూ, "దానమంటె మనసైనోడు ఇచ్చేది గదా అక్కా, గిదేం దానం," అంది. అత్త లోపలి నుంచి వింటూ, ఆ మాట వాకిట్లో అనొద్దని ఆమెను గదమాయించింది.

శుక్రవారం శ్రమదానం రోజు. ఆ రోజు కూలికి పోవడానికి లేదు. కాలనీలోనే ఉండే ఒక మేస్త్రీని ఆఫీసరు పెద్దగా పెట్టాడు. ఒకప్పుడు మట్టి పని ముఠాలు నడిపిన మనిషి, నెరిసిన మీసాలు, ఎండకు నల్లబడిన మెడ. తెల్లవారగానే ఇంటింటి ముందు ఆగి పిలిచేవాడు. చెడ్డవాడు కాడు. అతని ఇల్లూ ఆ షరతు కిందే ఉంది. పని సాగకపోతే ముందు పోయేది తన ఇల్లేనని అతనికి భయం.

ఆ భయం ఉత్తది కాదని వానకాలం మొదట్లోనే తెలిసింది. మా వరసలో చివరింటి మొగుడూ పెళ్లాం పిల్లలను తీసుకుని బొంబాయికి పనికి పోయారు. ఇంట్లో ముసలివాళ్లు కూడా లేరు. వాళ్ల ఇంటి నుంచి మనిషి రాని శుక్రవారాలు కొన్ని గడిచాక ఒకరోజు జీపు వచ్చింది. వాళ్లు వేసుకున్న తాళం మీద ఇంకొక తాళం వేసి, గుడ్డ చుట్టి, ఎర్ర లక్కతో ముద్ర కొట్టి పోయారు. కిటికీలోంచి చూస్తే లోపల తీగ మీద ఆరేసిన చిన్నపిల్ల గౌను కనిపించేది. అటు పోయినప్పుడల్లా నేను చూపు తిప్పుకునేదాన్ని. ఆ తర్వాత శుక్రవారం మేస్త్రీ పిలవకముందే జనం పారలు పట్టుకుని వాకిళ్లలో నిలబడ్డారు. జ్వరంతో ఉన్నవాళ్లు కూడా దుప్పటి కప్పుకుని వచ్చారు.

మా ఆయన ఉన్నన్ని రోజులు ఆయనే పోయేవాడు. బిడ్డకు పేరు పెట్టిన తర్వాత సెంట్రింగు పనికి పుణే పోయాడు. ఇక మిగిలింది అత్త, నేను. అత్తకు దమ్ము జబ్బు ఉండేది. చల్లగాలి తగిలితే రాత్రంతా కూర్చునే ఉండేది. నేను పోతానంటే ఒప్పుకోలేదు.

"పచ్చి బాలింతవు. ఇప్పుడు తట్ట మోస్తె నీ నడుము మళ్ల నిలవదు. ఇల్లు నా పేరు మీదున్నది. నేనే పోత," అంది.

"నీకు ఆయాసమొస్తే?"

"కూసుంట. కూసున్నా మనిషి వచ్చినట్టే గదా."

కానీ ఆమె కూర్చునే మనిషి కాదు. తలకు గుడ్డ చుట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపి పోతే, సాయంత్రం కాళ్లకు ఎర్రమట్టి మెత్తుకుని వచ్చేది. గోడకు చేరగిలబడి ఊపిరి కూడదీసుకునేదాకా మాట్లాడేది కాదు. నేను నీళ్లిచ్చి పక్కన నిలబడేదాన్ని.

అప్పుడు తవ్వుతున్నది నీళ్ల పైపు కాలువ. ఊరి చివర నీళ్ల ట్యాంకు నుంచి కాలనీకి రావాలి. మధ్యలో ఒక మిట్ట ఉంది. మిట్ట దగ్గర నిలువెత్తు కంటే లోతుగా తవ్వితేనే నీళ్లు పారతాయని ఆఫీసు వాళ్లు గుర్తులు పెట్టి పోయారు. ఆ మిట్ట పక్కన ఎప్పుడో రోడ్డు పనికి మొరం తీసిన పెద్ద గుంత ఉండేది. దాన్ని రాళ్లూ రప్పలూ చెత్తమట్టీ పోసి పూడ్చారు. కాలువ దాని అంచునుంచే పోతుంది. వానలు పడ్డాక ఆ చోట కాలువ గోడల్లో నెర్రెలు పడ్డాయి. అందరూ చూశారు. మట్టి పని చేసి బతికిన వాళ్లే అందరూ, ఒకరు చెప్పాల్సిన పని లేదు. మేస్త్రీ వనపర్తి దాకా పోయి ఆఫీసరుకు చెప్పి వచ్చాడు. పై అధికారి నల్లాలు ప్రారంభించడానికి వస్తున్నాడు, ఆలోపు పని కావాలి, భయమున్నవాళ్లు ఇల్లు వదులుకోవచ్చు అని ఆఫీసరు అన్నాడట. అది మాతో చెప్పేటప్పుడు మేస్త్రీ ఎవరి ముఖమూ చూడలేదు.

ఆ శుక్రవారం ముసురు పట్టింది. అత్త పొద్దున్నే దగ్గుతూ లేచింది. నేను పలుగు దాచిపెట్టి, ఈ ఒక్కరోజు నేను పోతానని తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఆమె నన్ను పక్కకు నెట్టలేదు. అరుగు మీద కూర్చుని, చివరింటి వైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి నేనే పలుగు తెచ్చి ఇచ్చాను.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు గిన్నెలో పెట్టుకుని, బిడ్డను చంకనేసుకుని మిట్ట దగ్గరికి పోయాను. మగవాళ్లు ముందు తవ్వుతుంటే, ఆడవాళ్లు వెనక మట్టిని తట్టలకెత్తి పైకి అందిస్తున్నారు. పైనుంచి చూస్తే అత్త తలగుడ్డ మాత్రమే కనబడుతోంది. ఆమె పక్కన ఎదురింటి ఆమె ఉంది. నేను పిలుద్దామని నోరు తెరిచాను. అప్పుడే గుంత వైపు గోడ కదిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడి మట్టి కాబట్టి దుమ్ము కూడా లేవలేదు. మూట విప్పి కుమ్మరించినట్టు గోడ లోపలికి జారింది. తలగుడ్డ కనబడలేదు.

ఎదురింటి ఆమె మోకాళ్ల దాకా మట్టిలో ఇరుక్కుని, కాళ్లు పీక్కుని పాక్కుంటూ బయటపడింది. అత్త గొంతు దాకా మునిగింది. ముఖం, పైకెత్తిన ఒక చెయ్యి మాత్రం బయట ఉన్నాయి.

నేను బిడ్డను ఎవరి చేతిలో పెట్టానో నాకు తెలియదు. కాలువ అంచుదాకా పోయాక మేస్త్రీ నా రెక్క పట్టి వెనక్కి లాగాడు.

"దిగకు. ఇంకో పక్క గూడ పగిలింది," అన్నాడు.

అప్పటికే ఇద్దరు మగవాళ్లు లోపలికి దూకారు. ఒకతను పార ఎత్తాడు. మేస్త్రీ వాళ్లను పైకి రమ్మని అరిచాడు. పార తగిలితే మనిషికే తగులుతుందని, వాళ్ల బరువుకే మట్టి ఆమె మీదికి ఇంకా జారుతుందని చెప్పి ఇద్దరినీ బయటికి రప్పించాడు. అతను ఆమెను అలాగే వదిలేస్తున్నాడని నాకనిపించింది. అతని చెయ్యి కొరికాను. అతను వదల్లేదు.

"తలుపులు తెండి," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్లతో. ఎవరికీ అర్థం కాలేదు. అతనే నన్ను వదిలి కాలనీ వైపు పరుగెత్తాడు. మొదటి వరసలోనే అతని ఇల్లు. రేకు తలుపును బందుల నుంచి పైకెత్తి ఊడదీసి, నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. అది చూశాక మిగతావాళ్లకు తెలిసింది. ఇంటింటి తలుపూ ఊడింది. మంచం కోళ్లు, పందిరి గుంజలు, పలుగులు వచ్చాయి. తలుపులను కాలువకు రెండు పక్కలా గోడలకు ఆనించి, మధ్యలో గుంజలు అడ్డంగా బిగించారు. మట్టి పనిలో పెరిగిన చేతులు అవి. కానీ ఆ పని అయ్యేదాకా ఎవరూ ఆమెను ముట్టుకోవడానికి లేదు.

నేను అంచు మీద బోర్లా పడుకుని ఆమెతో మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి సర్దుకుని ఇంకొంచెం బిగుస్తోంది. మళ్లీ పీల్చడానికి చోటు తగ్గిపోతోంది. పెదవులు నల్లబడుతున్నాయి. కళ్లు మూతలు పడుతున్నాయి.

"అత్తా, నన్ను చూడు," అన్నాను.

కళ్లు తెరిచింది. ఎక్కడో బిడ్డ ఏడుస్తోంది. అది ఆమెకు వినబడింది.

"పిల్లకు పాలియ్యి," అంది. గొంతు లేదు, పెదవులు కదిలాయి.

ఎవరో బిడ్డను తెచ్చి నా చేతిలో పెట్టారు. నేను అక్కడే కాలువ అంచున, ఆమెకు కనబడేలా కూర్చున్నాను. అంతమంది మగవాళ్ల మధ్య, వానలో, కొంగు కప్పుకుని పాలిచ్చాను. అత్త కళ్లు మా మీది నుంచి కదలలేదు. బిడ్డ గుటకలు వేస్తుంటే ఆమె కూడా ఒక్కొక్క ఊపిరే మింగుతున్నట్టు ఉంది. బిడ్డ కడుపు నిండి నిద్రపోయినా నేను లేవలేదు. లేస్తే ఆమె కళ్లు మూస్తుందని భయం.

తలుపులు నిలిచాక మేస్త్రీ, ఇంకొకతను దిగి ఉత్త చేతులతో మట్టి తోడారు. ముందు ఛాతీ చుట్టూ తీశారు. ఆమె మొదటిసారి నిండా ఊపిరి పీల్చినప్పుడు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. కాళ్లు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. కుడికాలు పక్కకు తిరిగిపోయి ఉంది. ఒక తలుపు మీదే ఆమెను పడుకోబెట్టి పైకి ఎత్తారు.

ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి, జూరాల కట్ట మీదుగా గద్వాల దవాఖానకు తీసుకుపోయాం. గేట్ల నుంచి కృష్ణ నీళ్లు హోరుమంటున్నాయి. ట్రాలీ ఎగిరినప్పుడల్లా అత్త నా చేతిని పిసికేది, అరిచేది కాదు. తుంటి ఎముక విరిగిందని, పక్కటెముకలు పగిలాయని డాక్టరు చెప్పాడు. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. మా అమ్మ బల్మూరు నుంచి వచ్చి తోడుంది. పుణేలో మా ఆయన పనిచేసే చోటికి ఫోను అందేసరికి బుధవారమైంది; ఆయన బయల్దేరాడని తెలిసింది, కానీ దారిలోనే రెండు రోజులు పోతాయి.

గురువారం ఎదురింటి ఆమె దవాఖానకు వచ్చింది. కాళ్లకు గీతలు ఇంకా మానలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, పని ఆగదని, రేపు కూడా ఇంటికో మనిషి రావాల్సిందేనని ఆఫీసరు కబురు పంపాడని చెప్పింది. మా ఇంటికి కూడానా అని నేను అడిగాను. అత్త పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాం.

"పో పిల్లా. ఇల్లు పోనియ్యకు," అంది.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆమె మీదా, ఆ ఇంటి మీదా, చప్పట్లు కొట్టిన అందరి మీదా. అయినా శుక్రవారం పొద్దున్నే బిడ్డను తీసుకుని బస్సెక్కాను.

మిట్ట దగ్గర కాలనీ అంతా నిలబడి ఉంది. ఎవరూ దిగలేదు. దిగమని మేస్త్రీ అనలేదు. అతని చేతివేళ్లకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. మట్టి తోడినప్పుడు గోళ్లు పోయాయట. జీపు వచ్చి ఆగింది. ఆఫీసరు చిన్నవాడు, నేను అనుకున్నంత పెద్దవాడు కాదు. పని ఎందుకు మొదలుపెట్టలేదని అడిగాడు. జరిగిందానికి తానూ బాధపడుతున్నానని, కానీ ఒక ప్రమాదం పేరు చెప్పి అందరూ కూర్చుంటే కాలనీకి నీళ్లెట్లా వస్తాయని అన్నాడు. అతను మేస్త్రీ వైపు తిరిగి, ఇళ్ల వరస ప్రకారం పిలవమన్నాడు. మేస్త్రీ గుడ్డలు చుట్టిన చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఎవరినీ పిలవలేదు.

బిడ్డను భుజం మీదికి మార్చుకుని ముందుకు నడిచి, కాలువ అంచున నేల మీద కూర్చున్నాను.

"మా ఇంటి మనిషి వచ్చింది సార్," అన్నాను. "మా అత్త దవాఖానలున్నది, నేనొచ్చిన. మీరు రమ్మన్నరు, వచ్చిన. దిగను."

దిగకపోతే రానట్టేనని, ఇంటికి తాళం పడుతుందని అతను అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

నా వెనక ఎదురింటి ఆమె వచ్చి కూర్చుంది.

"తాళం ఏడ పెడ్తరు సార్," అంది. "తలుపులన్నీ గీ కాలువల్నే ఉన్నయి. దిగి తీస్కపోండ్రి."

ఆఫీసరు కాలనీ వైపు చూశాడు. వరసలన్నీ తెరుచుకున్న నోళ్లలా ఉన్నాయి. కొన్ని గుమ్మాలకు పాత చీరలు వేలాడుతున్నాయి. మిగతా ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి అంచున కూర్చున్నారు. మేస్త్రీ చాలాసేపు నిలబడే ఉన్నాడు. చివరికి తలగుడ్డ తీసి నేల మీద పరుచుకుని, అతనూ కూర్చున్నాడు. జీపు డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఆఫీసరు బూట్లతోనే కాలువలోకి దిగాడు. తలుపుల మధ్య నడుచుకుంటూ గోడ కూలిన చోటిదాకా పోయాడు. అక్కడ ఒక గుంజ కిర్రుమంది. అతను టక్కున ఆగి, రెండు చేతులూ రేకుకు ఆనించి నిలబడిపోవడం పైనుంచి నేను చూశాను. బయటికి వచ్చినప్పుడు ప్యాంటు నిండా మట్టి ఉంది. జీపెక్కి పోయాడు.

ఆ సాయంత్రమంతా మళ్లీ జీపు వస్తుందని, వెంట పోలీసులు వస్తారని వాకిళ్లలోనే కూర్చున్నాం. తలుపు లేని ఇంట్లో బిడ్డను పడుకోబెట్టి, నేను గుమ్మంలోనే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. తర్వాతి వారం మిట్ట దగ్గరికి తవ్వే మిషను వచ్చింది. కాలువలోని తలుపులు పైకి తీసి ఎవరివి వాళ్లం మళ్లీ బిగించుకున్నాం. లోతైన చోటంతా అదే తవ్వింది, పైపు వేసి అదే పూడ్చింది. మిగిలిన దూరం, మోకాలి లోతు చోట, మేమే తవ్వాం. మా ఇంటి తరఫున మా ఆయన తవ్వాడు. అందరం పుణే పోదామని, ఈ ఇల్లు మనకొద్దని ఆయన గొడవ పెట్టుకున్నాడు. అత్త మంచం మీది నుంచే, నువ్వు పో, నేను రాను అని తేల్చి చెప్పింది. ఆయన కొన్ని నెలలు ఉండి, మళ్లీ ఒక్కడే పోయాడు.

పై అధికారి వచ్చాడు, నల్లా తిప్పాడు, ఫొటో దిగాడు. కాలనీవాసులు శ్రమదానంతో ఆదర్శంగా నిలిచారని అన్నాడు. షరతు ఎత్తేశామని ఎవరూ చెప్పలేదు. శుక్రవారాలు మాత్రం నెమ్మదిగా మామూలు రోజులైపోయాయి. బొంబాయి పోయినవాళ్లు తిరిగి వచ్చి, మూటలతో ఆ లక్క ముద్ర ముందు కూర్చున్నప్పుడు మేస్త్రీ వాళ్లను వెంటబెట్టుకుని వనపర్తి ఆఫీసు చుట్టూ చాలా రోజులు తిరిగాడు. చివరికి తాళం తీయించాడు.

అత్త కర్ర పట్టుకుని ఇల్లు చేరింది. కుడికాలు కొంచెం పొట్టిదైంది. అరుగు మీద కూర్చుని నల్లా నీళ్లు బిందెలో పడుతుంటే చూసి సంబరపడేది. వచ్చిన మొదటి రాత్రి ఇంట్లోకి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టి, చలిగాలి రాకుండా తలుపు దగ్గరికి వేశాను. కొంచెంసేపటికే లోపలి నుంచి గోడ గీకుతున్న చప్పుడు వినబడింది. పోయి చూస్తే కర్ర కూడా లేకుండా లేచి, గోడ పట్టుకుని తలుపు దాకా వచ్చేసింది. ఒళ్లంతా చెమటలు.

"బయట ఎయ్యి నా మంచం," అంది.

దమ్ము ఎక్కువవుతుందని నేను, మా ఆయన ఎంత చెప్పినా వినలేదు. చలికాలం గొంగళి కప్పుకుని, వానకాలం అరుగు మీద పరదా కట్టించుకుని, ఆ తర్వాత బతికిన ఏళ్లన్నీ ఆమె బయటే పడుకుంది. పగలు ఇంట్లోకి వచ్చేది. ఊడ్చేది, వండేది, మనవరాలికి జడ వేసేది. తలుపు మాత్రం బార్లా తెరిచి ఉండాల్సిందే. కొత్తవాళ్లెవరైనా అడిగితే, లోపల ఉబ్బరిస్తుంది బిడ్డా, ఇల్లు మాత్రం నాదే అని చెప్పేది.